బడి ఆట

చిత్తూరు బస్సు అరగంట లేటయిన రోజు.
బంగారుపాళ్యం దాటి, గుజ్జు ఫ్యాక్టరీ మలుపులో దిగి
చెప్పులకంటిన బురద మెట్టుకు గీసుకుంటూ
ఐదో తరగతి కిటికీ దగ్గర ఆగిపోయాను.
లోపల నేను లేకుండానే
నా క్లాసు జరుగుతోంది.

నా కుర్చీలో మునీశ్వరి.
ఫ్యాక్టరీలో వాళ్ళమ్మ తలకు చుట్టుకునే తువ్వాలు
ఈ పిల్ల భుజమ్మీద చీరకొంగయింది.
ఇనుప తీగ వంచి కళ్ళద్దాలు.
కింద పదిహేడు మంది, చేతులు కట్టుకుని.

మొదట నవ్వొచ్చింది.
హాజరు పిలుస్తోంది, అచ్చం నా గొంతే.
పేరు చివర అట్లా సాగదీస్తానని
ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

"ఖాజా, ఏడెనిమిదులెంత రా?"
"యాభై నాలుగు టీచర్."
తప్పు దిద్దలేదు.
డస్టరు చెవికి ఆనించుకుని గోడవైపు తిరిగింది:
"ఆఁ... క్లాసులోనే ఉండా. పనేం లేదులే, చెప్పు."

తర్వాత నోటుబుక్కులు.
మునీశ్వరి వేషం ఇంకో పిల్ల వేసింది,
తల వంచుకుని, పుస్తకం చాచి.
టీచరమ్మ దాన్ని రెండు వేళ్ళతో
చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుని
ముక్కు పైకి లాగింది:
"ఏమే, అంతా మామిడికాయల వాసన!
చేతులు కడుక్కోని రాలేవా?"

క్లాసంతా గొల్లుమంది.
అందరికంటే గట్టిగా తనే నవ్వింది.

ఎప్పుడన్నాను ఆ మాట?
బడి తెరిచిన వారంలోనా, తోతాపురి లారీలు
రోడ్డు పొడుగునా నిలబడిన రోజుల్లోనా?
అసలు అన్నానా?
గుర్తు లేదు.
ముక్కు మాత్రం నాదే.

రాత్రి షిఫ్టులో, కాయలు కోసే అమ్మ పక్కన
ఖాళీ ట్రే బోర్లించి రాసిన హోంవర్కు అది.
సొన మరకలు, అతుక్కున్న పేజీలు.
లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
నేను వేసిన టిక్కులూ ఉన్నాయి.

లోపలికి వెళ్ళబోతే
మునీశ్వరి చేతిలోంచి సుద్దముక్క జారింది.
ఆట ఆపకుండానే వంగి తీసింది,
కళ్ళకద్దుకుంది,
బోర్డు వైపు తిరిగింది.

నా కాలు గడప మీదే ఉండిపోయింది.

అది నేను నేర్పింది కాదు.
నాకూ ఎవరూ నేర్పలేదు.
పుత్తూరు హైస్కూల్లో సోషల్ చెప్పిన దొరస్వామి సారుది అది.
ఆయన చెప్పిన యుద్ధాల తేదీలు
పరీక్ష రాసిన సాయంత్రమే మరిచిపోయాను.
సుద్ద పడితే ఆయన నడుము వంగే తీరు
నా నడుములోకి ఎప్పుడొచ్చి చేరిందో,
ఎప్పుడు ఈ పిల్లలోకి దాటిందో.
వారం వారం హెడ్మాస్టరు సంతకం పడే
నా పాఠ్య ప్రణాళికలో ఆ దారి లేదు.

అదే దారిన
ముక్కు కూడా నడిచొచ్చింది.

నన్ను చూసి తువ్వాలు దాచేసింది పిల్ల.
ఆ పూట భిన్నాలు చెప్పాను.
ఏం చెప్పానో అడక్కండి.

ఇంటి గంట కొట్టాక కదల్లేదు మునీశ్వరి.
"టీచర్, మా ఆట మీరు చూసినారా?"
లేదని నాలుక చివరి దాకా వచ్చింది.
"చూసినా."
"ఎట్లుంది?"

ఫ్యాను తిరుగుతోంది.
బయట లారీ ఒకటి గేరు మార్చింది.

"బాగుంది. ఒక్క ముక్కు దగ్గరే..."
"తప్పు చేసినానా టీచర్?"
"నువ్వు కాదు. నేను చేసినాను.
నువ్వు సరిగ్గానే చేసినావు."

ఆ పిల్లకు ఎంత అర్థమయిందో తెలీదు.
తన చేతులు ఒకసారి చూసుకుంది.
నేనూ చూశాను, మొహం తిప్పుకోకుండా.
చూపుడువేలు కొసన పసుపు మరక,
గోరు కింద ఎండిన సొన.
"ఫోను కూడానా టీచర్?"
"ఫోను కూడా."
"సరే, రేపు మళ్ళా ఆడతాం,"
అని సంచి తగిలించుకుని పరుగు.

రేపు.

బోర్డు తుడుస్తుంటే సుద్దముక్క కింద పడింది.
వెనక్కి తిరిగి చూశాను.
బెంచీల దగ్గర ఎవరూ లేరు, కిటికీలో ఎవరూ లేరు.
వంగి తీసుకున్నాను.