పదకొండో పోర్టు

పాత స్విచ్‌ని ఉప్పు తినేసింది.
మూత విప్పితే లోపలంతా పచ్చటి చిలుము.
గలీసియా తీరాన, చేపల వేలంశాలలో
ఏ లోహమూ ముసలితనం దాకా బతకదు.
నిన్న సాయంత్రం కొత్తది బిగించాను.
అది కొరున్యాలోని కంట్రోలర్‌కి తన పేరు చెప్పుకుంది,
దణ్ణం పెట్టుకుంది,
దీపాలన్నీ వెలిగించుకుంది.
నేను ఇంటికెళ్ళి పడుకున్నాను.

మూడింటికి ఎలాదియో ఫోను:
"సబేలా, కాటా మాట్లాడటం లేదు."

ఐదింటికి పడవలొస్తాయి.
కాటా చెప్పందే బరువు లేదు,
బరువు లేందే గోడ మీది బోర్డులో ధర దిగదు,
ధర దిగందే దోరెస్ మీట నొక్కదు,
మంచుపెట్టెల్లో మెర్లూసాలు
నోళ్ళు తెరుచుకుని చూస్తుంటాయి.

కాటా అడ్రసు చూశాను. తొంభైలో ఉంది.
ముప్పైలో ఉండాల్సింది.
తొంభై అంటే అతిథుల వీల్యాన్,
వేసవిలో వేలం చూడ్డానికొచ్చి
ఫొటోలు తీసుకుపోయేవాళ్ళ కోసం కట్టిన గది.
పదేళ్ళుగా ఈ తడి గచ్చు మీదే ఉన్న కాటా
సొంతింట్లో చుట్టమైపోయింది.
లోకమంతా చూడొచ్చు,
పక్కనున్న బోర్డుని మాత్రం పలకరించకూడదు.
ఒకటే పెట్టె, ఒకటే తీగ.
మధ్యలో ఇటుక లేదు, సున్నం లేదు.
ఒక అంకె ఉంది. అదే గోడ.

కన్సోల్ కేబుల్ గుచ్చి
పదకొండో పోర్టుకి ముప్పై అని రాశాను.
కాటా కళ్ళు తెరిచింది.
ఎలాదియో ఖాళీ పెట్టె పెట్టి చూశాడు,
రెండు కిలోల మూడొందలు, సరిగ్గా పలికింది.
కాఫీ పోసిచ్చాడు.
సగం తాగేలోపు
మళ్ళీ తొంభై.

మళ్ళీ రాశాను.
పలక మీద నేను రాయడం,
ఎక్కడో కూర్చున్నవాడు తడిగుడ్డతో తుడవడం.
మూడుసార్లు.

కొరున్యాలో రాత్రి డ్యూటీ బ్రాయిస్‌ది.
"ఇక్కడ అన్నీ పచ్చగానే ఉన్నాయే!"
అక్కడ ఉంటాయి, బ్రాయిస్.
"నేను రాసింది నిలవడం లేదు."
"మీరు అక్కడ రాయకూడదుగా," అన్నాడు,
అన్నానికి ముందు చేతులు కడుక్కోమన్నంత మామూలుగా.

నాలుగున్నర.
"కాటాల ప్రొఫైల్ తెరువు. లోపల ఎంతుంది?"
మౌస్ చప్పుడు. ఆవలింత. మళ్ళీ మౌస్.
"తొంభై."
"ఎవరు మార్చారు?"
"అడ్మిన్ అనుంది. జులైలో."
పండగ గుడారంలో వైఫై కోసం
కొత్త ప్రొఫైల్ రాయడానికి బద్ధకించి
ఉన్నదాన్నే దిద్దేశారెవరో.
గుడారం విప్పేశారు, దిద్దుబాటు ఉండిపోయింది.

జులై.
ఇది నవంబరు.
మరి ఇన్నాళ్ళూ కాటా ఎలా పలికింది?

అప్పుడు గుర్తొచ్చింది, నిన్న తుక్కులో పడేసిన పాత స్విచ్.
కంట్రోలర్‌తో దానికి మార్చి నుంచీ మాటల్లేవు.
పట్టికలో బూడిదరంగు చుక్క.
"దాని సంగతి చూడాలి" అని ప్రతి సోమవారం అనుకునేదాన్ని.
జులై ఆజ్ఞ దానికి వినపడనేలేదు.
చెవిటిది,
తనకి తెలిసిందే చేసుకుంటూ పోయింది.
దాని పుణ్యాన నాలుగు నెలలు
ఊరు చేపలమ్ముకుంది.
కొత్తది బుద్ధిమంతురాలు,
చెప్పింది చెప్పినట్టు చేసింది.

బ్రాయిస్ అక్కడ అంకె మార్చాడు.
ఇక్కడ దీపాలు ఒక్కసారి ఆరి వెలిగాయి.
నేను నమ్మలేదు.
చల్లారిన కాఫీ పూర్తిగా తాగాను,
ఇంకోటి పోయించుకుని అదీ తాగాను.
ముప్పై.
ఇంకా ముప్పై.

రిపోర్టులో "కారణం" గడిలో మూడే ఉన్నాయి,
తీగ, కరెంటు, మనిషి.
దేన్నీ టిక్కు పెట్టకుండా కాసేపు కూర్చున్నాను.
బయట మొదటి పడవ హారను.
రబ్బరు బూట్లు, నీళ్ళ గొట్టం, ఎవరో ఎవర్నో తిడుతున్నారు.
ధర దిగుతోంది, పన్నెండు, పదకొండు తొంభై,
పదకొండు అరవై దగ్గర
దోరెస్ మీట నొక్కింది,
నా వైపు చూడనైనా చూడకుండా.

తుక్కులోంచి పాతదాన్ని తీసి
చొక్కా అంచుతో తుడిచాను.
ఎందుకని ఎలాదియో అడిగాడు.
ఉండనీ, అన్నాను.