ముందరి పన్ను

"రిటర్న్ ఎప్పుడేస్తున్నవ్?" అని
పోశెట్టిని అడిగితే
పై మంచం మీద బక్కన్న లేచి కూర్చున్నాడు.
"ఎవరు రిటర్న్? ఎన్నడు ఫ్లైటు?
మా ఇంటికో ప్యాకెట్ పట్టుకపోతవా?"

ముసఫ్ఫాలో జులై.
గోడ ముట్టుకుంటే పెనం.
సెలవు పూట, ఆరేసిన లుంగీల కింద
ఏసీ ఒకటే దగ్గు.
వారమంతా కంపెనీకి గంటలు రాసే టైంకీపర్ని,
ఈ ఒక్క పూట సర్కారుకు రోజులు రాస్తాను.
ఫీజు ఒక చాయ్. చక్కెర ఎక్కువ.

పాన్ కార్డు తర్వాత తీయి, ముందు పాస్‌పోర్టు.
దేశంలో ఎన్ని రోజులున్నావన్నదే మొదటి ప్రశ్న.
నూట ఎనభై రెండు నిండితే అక్కడి మనిషివి,
నిండకపోతే కావు.
మరి ఇక్కడివాడివా అంటే
అది ఏ ఫారంలోనూ అడగరు.

ముద్రలు వెతికాం. ఒకటి నూనె మరకలో దొరికింది.
హైదరాబాదులో దిగిన రోజు వేసుకో అన్నాను,
ఎక్కిన రోజు కూడా.
"ఎక్కిన రోజు ఎట్ల లెక్క?
ఆ దినమంతా సంచులు కట్టుడే అయిపాయె."
కట్టినా సరే, ఉన్నట్టే.
నలభై మూడు.
ఓవర్‌టైం కోసినప్పుడు చూసుకున్నట్టు
వేళ్ళ మీద మళ్ళీ చూసుకున్నాడు.
"బొంబాయిల రెండు రోజులు ఇరుక్కుంటి గద, అవి?"
అవీ కలిపాను.
నలభై ఐదు అయ్యేసరికి
ఇంక్రిమెంటు వచ్చినట్టు నవ్వాడు.

మొదటి ఫారం పేరు సహజ్.
పేరు చూసి మోసపోకు, అది మనది కాదు.
దూరంగా ఉండేవాళ్ళకు రెండోది.
ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. — ఖాతాలకు ఒక్క అక్షరం తేడా,
ఒకదాని వడ్డీ ముట్టుకోరు,
రెండోదాని వడ్డీలో మూడో వంతుకు కాస్త తక్కువ
నీకు చెప్పకుండానే కోస్తారు.
కాలువ కింద పోయిన భూమి పైసలు
పోశెట్టి రెండోదాంట్లో వేశాడు.
వడ్డీ ముప్పై వేలు.
కోత తొమ్మిది వేల మూడు వందల అరవై.
"అంతా వాపసు వస్తదా?"
నీకు వేరే ఆదాయం లేదు కాబట్టి వస్తది.
అడిగితే వస్తది. గడువులోపు అడగాలి.

చివరి మెట్టు మాత్రం నా చేతిలో లేదు.
ఆధార్‌కు కట్టిన సిమ్ము కథలాపూర్‌లో
మల్లవ్వ ఫోన్లో ఉంది.
ఆరు అంకెలు, పావుగంట ఆయుష్షు.
"వచ్చిందా? సదువు."
"నాలుగు... సున్న... ఏడు...
ఆగు, పొయ్యి మీద అన్నం మాడుతాంది."
ఆగాం.
"ఆఁ, ఏందో అంటివి? పన్నా?
చిన్నదాని పన్ను ఊడింది, ఎరికేనా!"
"ఏ పన్ను?"
"ముందరిది. మీదిది."
"ఇంటి మీదికి ఇసిరిందా?"
"మూడు సార్లు ఇసిరె, మూడు సార్లూ జారి కింద పడె.
నాలుగోసారి నిలిచింది."
తర్వాత బోరు మోటారు, తర్వాత అక్క కూతురి సీమంతం,
తర్వాత ఎవరూ ఏమీ అనని కొంతసేపు.

అంకెలు చచ్చిపోయాయి.
మళ్ళీ పంపు అని నొక్కాను.
రెండోసారీ అంతే.
నిమిషం ఆలస్యమైతే అరగంట కోసే చేతులివి,
తొందరపెట్టలేదు.
చాయ్ చల్లారింది.
మూడోసారి ఆరూ ఒక్క ఊపిరిలో చదివింది,
బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు.

లాప్‌టాప్ మూస్తుంటే బక్కన్న కిందికి దిగాడు,
చేతిలో పాస్‌పోర్టు.
"నాయి కూడ లెక్కపెట్టు."
నీకక్కడ ఖాతాలో పైసా లేదు,
వేయనక్కర లేదన్నాను.
"ఎయ్యకు.
రోజులే సూడు."