మూలమట్టం

ఎనిమిదో తరగతిలో
నా ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్రసిరాతో ఒక మాట పడింది:
"లెక్కలు రావు."
దాని పక్కన తారీఖు లేదు.
పాల ప్యాకెట్టుకైనా గడువు రాస్తారు.

మూడేళ్లు దాన్ని ఇంటిపేరులా మోసుకుని
జ్ఞానాపురం సందుల్లో తిరిగాను.
కొట్టువాడు చిల్లరిస్తే
లెక్క చూడకుండా గుప్పిట మూసేసేదాన్ని.
నూకరత్నం లెక్కలురావు.
పూర్తి పేరు అదే.

ఆ పేరుతోనే కంచరపాలెంలో ఐటీఐ గేటు దాటాను.
ఫిట్టర్ ట్రేడు.
పందొమ్మిది మంది మగపిల్లలు, నేను, పుష్పలీల.
మొదటివారం చేతికో ఇనపముక్క, ఓ ఆకురాయి.
"నలుచదరం చెయ్యండి" అన్నారు గౌరీశ్వర్రావు మేస్టారు.
అంతే అని, టీకి వెళ్లిపోయారు.

దాలినాయుడిది పుట్టుకతో వచ్చిన చెయ్యి.
షిప్‌యార్డు సైరను కూసేలోపు
వాడి ముక్క అద్దమైపోయింది.
"వీడికి నేర్పక్కర్లేదు" అన్నారెవరో.
ఆ మాట శాలువాలా కప్పుకున్నాడు వాడు.
మే నెలలో కూడా తియ్యలేదు.

నా ముక్కని మేస్టారు కిటికీకేసి ఎత్తి
మూలమట్టం ఆనించారు.
కిందనుంచి వెలుగు కారింది,
తలుపు కింద పక్కింటి దీపంలా.

"నాకు రాదు సార్" అన్నాను. అలవాటు.
విననట్టే అడిగారు:
"వెలుగెక్కడొస్తంది?"
చూపించాను.
"అక్కడ అరగదీస్తే?"
ఇంకా లోతైపోతాది.
"మరెక్కడ తీస్తావు?"

ఈ ప్రశ్నకి నాకు పదకొండు రోజులు పట్టింది.

బొటనవేలి దగ్గర బొబ్బ లేచి, చిట్లి,
అక్కడే మళ్లీ లేచింది.
నూనె రాయడం మరిచిన రాత్రి
సముద్రపు గాలి కిటికీ ఊచల్లోంచి వచ్చి
ముక్క మీద తుప్పు పూసి పోయింది.
పొద్దున్నే నిన్నటి పని సగం మళ్లీ మొదట్నించి.
ఈ ఊళ్లో ఇనుమైనా, నేర్చుకున్నదైనా
దాని మానాన అది నిలవదు.

పదకొండో రోజు తెలిసింది.
ఖాళీ ఉన్నచోట నాకు పనే లేదు.
మూలమట్టానికి గట్టిగా ఆనుకుని
కదలను పొమ్మంటుందే, ఆ మిట్ట,
అది తియ్యాలి.
ఎందుకో అప్పుడు ఎర్రసిరా గుర్తొచ్చింది.
ఆకురాయి ఇంకొంచెం నొక్కాను.

రెండో జాబులో
దాలినాయుడి కోత అరమిల్లీ పక్కకి పోయింది.
అరమిల్లీ!
నాకైతే ఆ రోజుల్లో అది పండగ.
వాడు ఎవరికీ చూపించలేదు.
షెడ్డు వెనక కాలవలో పడేసి
జ్వరమన్నాడు. వారమైంది.
నేర్పక్కర్లేనివాడికి
తప్పు పెట్టుకునే చోటెక్కడుంటుంది?
పుష్పలీల చేత కబురు పంపాను:
నా బల్ల కింద పద్నాలుగు పాడుముక్కలున్నాయి,
వరసగా, ఒక్కోదాని మీద తారీఖు చెక్కి.
వచ్చి చూడమను.
వాడింకా రాలేదు.

నిన్న రాత్రి తమ్ముడు పుస్తకం విసిరేశాడు,
భాగారం నాకు రాదు అని.
అమ్మ కవ్వళ్లు తోముతూ తలెత్తకుండా
"రాదేటిరా, రానేదు అను" అంది.

బడి భాషలో అయితే, రాలేదు.
రాదు మధ్యలో ఒక 'లే' దూరింది,
తెల్లవారి దుప్పటి లాగే మాట.
మా అమ్మ యాసలో అదే చోట 'నే' ఉంది.
ఇన్నేళ్లూ ఆ మాట నోటితో అన్నాను గానీ
మధ్యలో నేనున్నట్టు చూసుకోలేదు.

ఇవాళ పదిహేనో ముక్క.
కిటికీకేసి నేనే ఎత్తుకున్నాను.
వెలుగు ఇంకా కారుతోంది,
వెంట్రుకంత.
తారీఖు వేశాను.
నూనె రాశాను.