ముప్పై మీటర్లు

ఫైలు లావుగా ఉంది.
క్లిప్పు తుప్పు పట్టింది,
ఈ ఊళ్లో ఏ ఇనుమూ ఏడాది ఆగదు.
దరఖాస్తుదారు: వెండెల్ క్రోవెల్, డెబ్బై ఒకటి.
వృత్తి అన్నచోట 'లాబ్‌స్టర్ వేట' అని రాసి
దాన్ని కొట్టేసి 'ఏమీ లేదు' అని రాశాడు.
ఇప్పుడున్న పేరు: తీర రక్షిత భూమి.
అడుగుతున్న పేరు: నివాస భూమి.
పదకొండు ఇళ్లు.

నేల అదే. పేరు మారితే ధర ఆరింతలు.
ప్లానింగు ఆఫీసులో
మొదటి వారమే నేర్చుకున్న లెక్క ఇది.

నోవా స్కోషియా నైరుతి కొస, మార్చి నెలాఖరు.
గాలి చెవులు కోస్తోంది.
ఆటు సమయం చూసుకుని దిగాం,
నేనూ, వెండెల్, అతని మనవరాలు కోరలీ.
ఆ పిల్ల చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి
నిద్ర లేకుండా వచ్చింది.
ఊళ్లో అద్దెకు ఇల్లు దొరక్క
రెండేళ్లుగా వ్యానులో పడుకుంటోందట.
"మూడో నంబరు ప్లాటు నాది" అంది
నేనడక్కుండానే.

నిబంధన చిన్న వాక్యం:
పర్ర అంచు నుంచి ముప్పై మీటర్లు వదలాలి.
అంచు ఎక్కడో నిబంధన చెప్పదు.
దానికి పటం చూడాలి.
పటం ముప్పై ఎనిమిదేళ్ల నాటిది,
అందులో ఒక ఆకుపచ్చ గీత,
ఎవరో పెన్సిలు బాగా చెక్కుకుని
ఓపిగ్గా గీసిన చెలియలికట్ట.
సముద్రానికి కాపీ పంపినట్టు లేదు.

సర్వే మేకు కోసం గంటసేపు వెతికాం.
ఎర్ర తల మేకు.
దొరికింది,
మోకాలి లోతు నీళ్లలో,
చుట్టూ నత్తలు కాపురం పెట్టుకుని.

"ఎక్కడ నిలబడమంటారు?"
టేపు కొస పట్టుకుని కోరలీ అడిగింది.
చూపించిన చోట అడుగు దిగబడింది.
వెనక్కి రా, అన్నాను.
ఇంకాస్త.
ఇంకాస్త.
అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ
మొదటి ప్లాటు దాటింది, రెండోది దాటింది,
తన ప్లాటులో ఆగి
"ఇది వంటిల్లు" అని నవ్వింది.
బూటు కింద గడ్డి
బుడబుడమంది.

వెండెల్ జేబుల్లోంచి చేతులు తీయలేదు.
కారు దగ్గరికొచ్చాక అన్నాడు,
"మా నాన్న ఇక్కడే గడ్డి కోసేవాడు,
గుర్రాల డెక్కలకు చెక్కలు కట్టి,
దిగబడకుండా.
అప్పుడే తెలియాల్సింది మాకు."

అభ్యంతరాలు నలభై మూడు.
అందులో ముప్పై,
ఎండాకాలం ఆరు వారాలకు మాత్రమే
తలుపులు తెరుచుకునే ఇళ్ల నుంచి.
నిబంధన పుట్టకముందే
ఇదే పర్ర మీద లేచిన ఇళ్లవి.
అందరికీ ఉల్లంకి పిట్టల మీద జాలి.
ఒకాయన లేఖలో ఉల్లంకి ఒక్కసారి,
'మా కిటికీ దృశ్యం' నాలుగుసార్లు.
వాళ్ల మాట నిజమే.
నిజం ఎవరి నోట వస్తోందో చూస్తే
కలం కదలదు.

ఉల్లంకులు ఇంకా రాలేదు.
ఏప్రిల్లో వస్తాయి,
వస్తే ఇసుకలో ఒక గుంట, నాలుగు గుడ్లు,
తొక్కేదాకా కనపడవు.
వాటి కోసమే రాశానని చెప్పుకోను.
ఆ బుడబుడ కోసం రాశాను.
పదేళ్లకో పదిహేనేళ్లకో
ఒక పోటు రాత్రి
ఆ వంటింట్లో పొయ్యి వైపు నీళ్లొస్తుంటే
నా సంతకం ఎక్కడుందో
కోరలీ వెతక్కూడదని రాశాను.

సిఫారసు: తిరస్కరించాలి.

పైన కొండ మీద మూతపడిన బడి స్థలం,
కౌన్సిలుదే,
ఆరు ఇళ్లకు సరిపోతుంది.
అడగని ప్రశ్నకు జవాబు రాసే గడి
మా ఫారంలో లేదు,
మార్జిన్లో రాశాను, చిన్న అక్షరాలతో.
చదువుతారో లేదో.

హీటరు పక్కన బూట్లు ఆరుతున్నాయి.
టేపు మాత్రం పూర్తిగా చుట్టుకోవడం లేదు.
పంతొమ్మిదో మీటరు దగ్గర
బురద గట్టిపడి
పట్టేసింది.