నన్నారి బండి దగ్గర

కూర్చో పాపా, ఆ మూట దించు.
నీ మాట నాకు రాదు, నా మాట నీకు రాదు,
ఆటో చెంగల్రాయుడు మధ్యలో సగం మింగేస్తాడు.
మిగిలిన సగమన్నా విను.

ఇది రోహిణి కార్తె.
పదకొండు దాటినాక బండమీద వట్టికాళ్ళతో అడుగెయ్యొద్దు,
వేస్తివా, తిరుపతంతా నీ చిందులే చూస్తాది.
చెమట ఊరికే తుడవద్దు. అదీ ఒక నీడే, ఆరనీ.
దాహం వేసేదాకా ఆగొద్దు, మజ్జిగలో ఉప్పేసుకో.
బేనీషా కాయ నీళ్ళల్లో నానేసి తిను,
తొడిమ కాడి సొన తగిలితే మూతి కాలతాది.
లాడ్జి గోడమీద బల్లి ఉంటాది.
తరమొద్దు. దోమలకు అదే పోలీసు.
గాలీ మబ్బూ ఒకేసారి లేస్తే గొడుగు తెరవద్దు,
ఏ అంగడి చూరు కిందికైనా దూరు,
ఎవురూ పొమ్మనరు.

ఇది మాత్రం చెంగల్రాయుడు నీకు చెప్పడు:
బస్టాండు నుంచి రైలు స్టేషనుకు
నడిచే పోవచ్చు.

ఇంతకీ ఈ ఎండకు
ఆ ఉన్నికోటు ఎందుకు మోసుకొస్తివి?

*

ఆ పిల్ల పోయినాక చూస్తే బెంచీ కింద కోటు.
మరిచిందో, వదిలిందో.
గోనెపట్ట చినిగిపోయిందని
ఐసుగడ్డకు దాన్నే చుట్టినా.
దినామూ రెండింటికే నీళ్ళయ్యే గడ్డ
దీపాలు పెట్టే వేళకూ
పిడికిలంత మిగిలే ఉండాది.

ఉన్నంటే వేడి అనుకుంటి ఇన్నేండ్లూ.

చెంగల్రాయుడు నవ్వినాడు.
నాకు నవ్వు రాలా.
ఆ పిల్లకు ఇంకేమేం తప్పు చెప్పి పంపిస్తినో.