పది వాట్ల పాట

ఆ పాట మీరు విని ఉండరు.
ఫర్వాలేదు, మా అమ్మే పూర్తిగా వినలేదు.
మూడు వందల రికార్డులు అచ్చు వేయించాం,
ఎనభై ఎనిమిది అమ్ముడుపోయాయి.
మిగిలినవి డ్రమ్ములు వాయించే ఆర్వో వాళ్ళ నేలమాళిగలో
ఒక వేసవి వరదకి తడిసి
అప్పడాల్లా వంకర్లు తిరిగాయి.

పాట వెర్నా మీద.
వెర్నా టిక్కనెన్, భూగర్భశాస్త్రం, మూడో ఏడు.
మంగళవారం రాత్రి రెండు నుంచి ఐదు దాకా
కాలేజీ రేడియో.
పది వాట్లు.
ఫ్రిజ్జులో బల్బు అంతకంటే ఎక్కువ కరెంటు తింటుంది.
కాలవ మీది వంతెన దాటితే ఆమె గొంతు
ఇసకలో పోసిన నీళ్ళలా ఇంకిపోయేది.

రాగి గనులు మూతబడ్డ ఊరు.
మంచు కిటికీల సగం దాకా.
ఆ వేళప్పుడు మేలుకునేది ఎవరని,
రొట్టెల బట్టీలో నేనూ ఆర్వో,
ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఐలీన్,
ఇంకా నిద్రపట్టని ఒకరిద్దరు.
ఆ కాసిన్ని చెవులూ కోసుకునేవాళ్ళం ఆమె కోసం.

దగ్గు బిళ్ళ పంటికి తగిలి టిక్కుమనేది.
బ్యాండ్ల పేర్లు తప్పు చదివేది,
సరిదిద్దుకునేది, మళ్ళీ తప్పు చదివేది.
పదహారు నిమిషాల పాట పెట్టిందంటే
బాత్రూముకి వెళ్ళిందని అందరికీ తెలుసు,
మేమూ అప్పుడే వెళ్ళొచ్చేవాళ్ళం.
సరస్సు మీద మంచు ఎన్ని అంగుళాలు గట్టిపడిందో చదివి
"అయినా నడవకండి" అనేది, మేనత్తలా.

మూడు దాటాక,
ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలవకముందు,
సూది ఖాళీ గాడిలో గరగరలాడుతుంటే
అడిగేది:
"మేలుకుని ఉన్నారా ఎవరైనా?"
అడిగి, ఊరుకునేది.
రేడియోలో అలా ఊరుకోకూడదట.
ఆమె ఊరుకునేది.

ఫోను చేద్దామంటే నా చేతులకి పిండి.
అది సాకు.
చేతులు కడుక్కున్న రాత్రుళ్ళు కూడా చేయలేదు.

చివరికి పాట కట్టాం.
మూడే మెట్లు, మూడోదాన్ని డెల్బర్ట్ ఎప్పుడూ సగమే పట్టేవాడు.
ఆమెని మాలో ఎవరం చూడలేదు.
గొంతుని బట్టి ఎర్ర జుట్టు అనుకున్నాం,
తలుపు తగిలేంత పొడుగు అనుకున్నాం,
అనుకున్నదల్లా రాసేశాం.
పల్లవి మాత్రం నిజం:
మేలుకునే ఉన్నాం, వెర్నా.
పద్నాలుగు సార్లు.
చిన్న ప్రశ్నకి
ఏడాది ఆలస్యంగా, గిటార్లతో, జవాబు.

చర్చి హాల్లో ఒకసారి వాయించాం, పంతొమ్మిది మంది.
ఒక ముసలాయన దగ్గరకొచ్చి
"వెర్నా ఎవరు, మీ చెల్లెలా?
అంత గట్టిగా లేపుతున్నారు" అన్నాడు.

రికార్డుని రేడియో స్టేషన్ తలుపు కిందనుంచి తోశాను.
సందు చాల్లేదు.
సగం లోపల, సగం బయట వదిలేసి
పరుగెత్తుకొచ్చాను.

మార్చి, రెండో మంగళవారం, మూడూ ఇరవై.
వేసింది.
బట్టీలో రొట్టెలు మాడుతున్నాయి, మేం కదల్లేదు.
రెండో చరణంలో, ఎర్ర జుట్టు దగ్గర,
పాట తగ్గించి మైకు తెరిచింది:
"గోధుమ రంగు. పొట్టిదాన్ని. మిగతాది..."
దగ్గు బిళ్ళ టిక్కుమంది.
"మిగతాది సరే."
మళ్ళీ పెంచింది.

ఇంకెప్పుడూ వేయలేదు.
మే నెలలో చదువైపోయి
రాళ్ళ పెట్టెలు కారుకెత్తుకుని నెవాడా వెళ్ళిందన్నారు.
ఆ వేళకి ఎవరో కుర్రాడొచ్చాడు,
పేర్లన్నీ సరిగ్గా చదివేవాడు.

ఇప్పుడు నేను రోడ్ల మీద మంచు తీసే లారీ నడుపుతాను.
రేడియో పెట్టను,
బ్లేడు తారుకి రాసుకునే చప్పుడు చాలు.
కానీ వంతెన ముందర,
ఆమె గొంతు తెగిపోయే చోట,
కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.
వెనక కారులో ఎవడో హారన్ కొడతాడు.
మూడున్నర. మంచు పడుతూనే ఉంది.
వాడూ మేలుకునే ఉన్నాడు.