డబ్బా మీది అంకె

గుట్ట దిగిన బండిని నేను కండ్లతోని చూడను.
ముందుగాల ముక్కుకే తెలుస్తది,
జెబెల్ అఖ్దర్ మలుపులన్నీ
బ్రేకు తొక్కుకుంటనే దిగిండని,
రెండో గేరు ఒకటున్నదన్న సంగతే మరిచిండని.

బిర్కత్ అల్ మోజ్‌ల, పోలీసు చౌకీకి ఇవతల మా షెడ్డు.
రేకుల కింద ఒక జాకీ, ఒక ఫ్యాను, నేను.
హైతమ్ వచ్చిండు, పందొమ్మిదేండ్ల పోరడు,
వాళ్ల నాయిన పాత ప్యాట్రోల్ ఏసుకొని.
"కాలిపర్లు ఎర్రగ కావాలె సదీక్,
చక్రం సందులకెళ్లి కనవడాలె."

సైదలవి దుకాణంల మూడు డబ్బాలు.
ఒకటి అగ్గువ. రంగు మాత్రం కుంకుమ లెక్క.
ఎంత వేడికి ఆగుతదో రాసి లేదు.
రాయనిదాన్ని అడగొద్దు.
ఇంకోటి సైలెన్సర్‌ది, ఆరువందల డిగ్రీలు.
నలుపున్నది, వెండి ఉన్నది, ఎరుపు లేదు.
పైగా బ్రేక్ ఆయిల్ చుక్క పడితే పొక్కులొస్తయని
పోయినేడు నా చేతులతోనే నేర్చుకున్న.
మూడోది బ్రష్షుతోని పూసేది,
గట్టిపడే మందు వేరే సీసాల.
నాలుగు రియాళ్ల రెండొందల బైసాలు.
పోరని జేబుల మూడే ఉన్నయి.

మా తాత కమ్మరి. అంకెలు చదవరాదు.
ఇనుము మోదుగుపూవు రంగుకొస్తేనే
దెబ్బ వెయ్యాలె అనేటోడు.
ఆయనకు రంగంటేనే వేడి.
నాకేమో ఎంత వేడికైనా రంగు మారొద్దు.

తక్కువ వడ్డది నేనే ఏసిన. ఎందుకో చెప్పరాదు.
తీగె బ్రష్షుతోని తుప్పు గీకిన,
నల్ల దుమ్ము ముక్కుల, పండ్ల మీద.
రబ్బర్లకు, బ్లీడర్‌కు టేపు చుట్టిన.
"డిస్కుకు గూడ పూయరాదూ?" అన్నడు పోరడు.
"పూస్తే బండి ఆగదు.
అందంగ పోయి వాదీల పడ్తది."
నవ్విండు. నేను నవ్వలే.

రెండు పూతలు. ఒక రాత్రి ఆరబెట్టిన.
అడుగున ఇంత మిగిలింది,
పొద్దుగాలకు రాయి అయిపోతది,
పారబొయ్యబుద్ధి గాక
మా రూము తలుపు గడియకు పూసిన.

తెల్లారి వానితోని నేను గూడ గుట్టెక్కిన.
దిగేటప్పుడు రెండో గేరు ఏపిచ్చిన.
తొక్కు, ఇడువు. మళ్ల తొక్కు, ఇడువు.
ఆఖరి మలుపు కాడ ఆపి
ఇద్దరం మోకాళ్ల మీద వంగి చూసినం.
పొగ లేదు, వాసన లేదు.
చక్రం సందుల మోదుగుపూవు.
మా తాత చూస్తే సుత్తె ఎత్తేటోడు.

పగటీలి గంగరాజం డ్యూటీ దిగి వచ్చిండు.
ఎర్ర గడియ చూసి, "మంచిగున్నదిరో" అని పట్టుకొని,
అబ్బా అని ఇడిచిపెట్టిండు.
జూన్ ఎండకు రంగు చెక్కు చెదరలే.
తువ్వాల కొస చేతికి చుట్టుకొని
తలుపు తీసిండు, ఎప్పటి లెక్కనే.